పదిమంది కలిసి రాసే వెబ్‌సైటుకు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

ఎర్రగుంట్ల పక్క పల్లె నుంచి ఒక రిటైర్డ్ తెలుగు అయ్యవారు మా ఇంటికి సీడీ ఒకటి పట్టుకొచ్చారు. పాత క్యాలెండరు కాగితంలో చుట్టి, రబ్బరుబ్యాండు వేసి తెచ్చారు. “ఇరవై ఏండ్ల పని నాయనా ఇది. కంప్యూటర్లో ఎక్కుతాదేమో చూడు” అన్నారు. చుట్టుపక్కల ఊళ్ల శాసనాలు, ఊరిపేర్ల వెనక కథలు, ఎద్దులతో నీళ్లు తోడిన కపిలబావుల నాటి సేద్యం మాటలు. సైకిలు మీద తిరిగి నోటుపుస్తకాల్లో రాసుకున్నవి, తర్వాత డీటీపీ సెంటర్లో పేజీకింత అని ఇచ్చి టైపు చేయించినవి. నోటుపుస్తకాలను చెదలు తినేశాయి. మిగిలింది ఈ సీడీ ఒక్కటే.

ఫైలు తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొమ్మల్లాంటి గుర్తులు, మధ్యమధ్యలో డాలర్లు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి పద్ధతైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది గానీ, అచ్చు పనులు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాత ఫాంట్లలోనే నడిచాయి. ఆ ఫాంటు, దాన్ని నడిపే ప్రోగ్రాము రెండూ ఉంటేనే ఆ గీతలు అక్షరాలవుతాయి. సెంటరు మూతపడి చాన్నాళ్లయింది. మూడు వారాలు కుస్తీపట్టి, ఒక కన్వర్టరుతో చాలావరకు బయటికి తీశాం. ఒత్తులు చోట్లు మారాయి. కొన్ని పేజీల్లో ‘క్ష’ ఉన్నచోటల్లా ఇంకేదో అక్షరం పడింది. ఆ పేజీలను అయ్యవారు పక్కన కూర్చుని జ్ఞాపకం మీద సరిదిద్దించారు.

ఇదే ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల ఉంది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు 575లో వేయించిన తెలుగు శాసనం ఆ ఊరిదే. ఆ లిపి ఎవరి సొంత ఆస్తీ కాదు. అందుకే దాన్ని నేర్చుకున్నవాళ్లు ఈనాటికీ చదవగలుగుతున్నారు. ఇరవై ఏళ్ల సీడీ మాత్రం దాన్ని రాసినాయనకే అక్కరకు రాలేదు.

ఆ తర్వాత మేం నలభై మందిమి కలిసి రాసుకునే సైటు ఒకటి పెట్టుకోవాలనుకున్నాం. కడప, అనంతపురం, కర్నూలు వైపు టీచర్లు, రైతులు, కాలేజీ పిల్లలు, ఇద్దరు గృహిణులు. ఊళ్ల చరిత్ర, సీమ మాటలు, శాసనాల ఫొటోలు ఒకచోట చేర్చాలని. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నదాని మీద రెండు నెలలు వాదించుకున్నాం, నాలుగు రకాలు పెట్టి చూశాం. ఇలాంటి పని మీ కాలేజీలోనో, మీ ఊరి యువజన సంఘంలోనో మొదలుపెట్టబోతున్నవాళ్లకు ఆ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీసేయాలి

ఓపెన్ సోర్స్ అనగానే “ఊరికే వస్తుంది కదా” అంటారు చాలామంది. ఊరికే రావడం వేరు, ఓపెన్ సోర్స్ వేరు. లోపలి కోడ్ చూసి, మార్చుకుని, సొంతంగా నడుపుకుని, పంచుకునే హక్కు ఉంటేనే అది ఓపెన్ సోర్స్. గూగుల్ సైట్స్ ఊరికే వస్తుంది. నోట్సు, పేజీలు కలిసి రాసుకునే నోషన్‌లో ఉచిత ప్లాన్ ఉంది. ఆఫీసు బృందాలు కలిసి రాసుకునే కాన్‌ఫ్లుయెన్స్‌ను పదిమంది వరకు పైసా లేకుండా వాడుకోవచ్చు. ఈ మూడింటిలో ఏదీ ఓపెన్ సోర్స్ కాదు. ఈ ఉచిత రకాల లోపల ఏముందో చూడలేం, మార్చలేం, వాటిని ఇంకో చోట సొంతంగా నడుపుకోలేం. ఎన్నాళ్లు ఉచితమో, ఏ షరతు మీద ఉచితమో నిర్ణయించేది కంపెనీయే. ఇలాంటివాటిని ప్రొప్రైటరీ అంటారు. సులువుగా ఉంటుందని ఇక్కడ కంపెనీ సాఫ్ట్‌వేర్ అంటాను.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు ఆయన పోరాటం ధర మీద కాదు, హక్కుల మీద. ప్రోగ్రాము ఏ పనికైనా వాడుకునే హక్కు, లోపల చూసి మార్చుకునే హక్కు, కాపీ ఇంకొకరికి ఇచ్చే హక్కు, మార్చినదాన్ని పంచే హక్కు. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఈ హక్కులకు కాగితం రాసిచ్చింది. వికీపీడియాను నడిపే మీడియావికీ, ఎన్నో పత్రికల సైట్లను నడిపే వర్డ్‌ప్రెస్, చిన్న బృందాలకు నచ్చే డోకువికీ మూడూ జీపీఎల్ కింద వచ్చినవే.

ఒక్కరి దుకాణం సైటుకు ఈ హక్కులతో పెద్ద పని పడకపోవచ్చు. పదిమంది కలిసి రాసే సైటు సంగతి వేరు. అక్కడ పోగయ్యేది వందల మంది సాయంత్రాలు. జీతం లేకుండా రాసినవాళ్ల శ్రమ అది. దాన్ని ఎవరి అరుగు మీద పోస్తున్నాం అన్నది రాసేవాళ్లందరికీ సంబంధించిన విషయం. అందుకని రంగులు, ధరలు చూడకముందు మేం పెట్టుకున్న ప్రశ్న ఒకటే: ఇక్కడి నుంచి వెళ్లిపోవాల్సి వస్తే ఏం తీసుకుపోగలం?

వెళ్లిపోవాల్సిన రోజు నిజంగా వస్తుంది

ఇది ఊరికే భయపెట్టడం కాదు. లక్షల మంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను 2009లో మూసేశారు. బడి పిల్లలూ టీచర్లూ కలిసి రాసుకునే వికీస్పేసెస్ 2018లో తలుపులు మూయడం మొదలుపెట్టింది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో ఆగిపోయింది. అంతకు ఏడాది ముందే పాత సందేశాలు తీసేశారు. కాన్‌ఫ్లుయెన్స్‌ను సొంత సర్వర్ మీద, అంటే సైటును నడిపే తమ సొంత కంప్యూటర్ మీద పెట్టుకున్నవాళ్లకు ‘సర్వర్’ రకానికి మద్దతు 2024 ఫిబ్రవరి 15తో ముగిసింది. వాళ్లు కంపెనీ క్లౌడ్‌కైనా పోవాల్సి వచ్చింది, ఖరీదైన ఇంకో రకానికైనా మారాల్సి వచ్చింది. ఈ కంపెనీలు మోసం చేశాయని అనడం లేదు. లాభం లేని చోట వ్యాపారం ఆపేయడం వాళ్ల హక్కు. ఆ నిర్ణయంలో రాసినవాళ్ల మాట చెల్లదు, అంతే.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. వికీట్రావెల్ అని యాత్రల సమాచారం అందరూ కలిసి రాసే సైటు 2003లో మొదలైంది. 2006లో దాన్ని ఇంటర్నెట్ బ్రాండ్స్ అనే కంపెనీ కొనుక్కుంది. సైటు పేరు, సర్వర్ కంపెనీవయ్యాయి. రాసేవాళ్లలో చాలామందికి అది నచ్చలేదు. అప్పుడు వాళ్లు చేసింది చూడండి. సైటు నడిచేది మీడియావికీ మీద, అంటే అదే సాఫ్ట్‌వేర్ ఎవరైనా పెట్టుకోవచ్చు. రాతలన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి, అంటే పేర్లు చెప్పి ఎవరైనా తీసుకుపోవచ్చు. జర్మన్‌లో రాసేవాళ్లు ఆ ఏడాది డిసెంబరులోనే వికీవాయేజ్ పేరుతో వేరుపడ్డారు. 2012లో ఇంగ్లీషువాళ్లూ బయటికి వచ్చారు. కంపెనీ ఇద్దరు వాలంటీర్ల మీద దావా వేసినా పని ఆగలేదు, 2013లో ఆ వివాదం సర్దుబాటు అయింది. 2013 జనవరి 15న వికీవాయేజ్, వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ కింద అధికారికంగా మొదలైంది. రాతలు పోలేదు. ఎవరేం రాశారన్న చరిత్రా పోలేదు.

ఉమ్మడి కుటుంబం విడిపోయేటప్పుడు పాత్రసామాను పంచుకుంటారు గానీ, ఇక్కడ విచిత్రమేమంటే ఇద్దరికీ మొత్తం వాటా దక్కింది. ఇది సాధ్యపడటానికి సాఫ్ట్‌వేర్, రాతలు రెండూ స్వేచ్ఛా లైసెన్సు కింద ఉండాలి. ఒక్కటే ఉంటే చాలదు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

మా బుడ్డల పంచాయితీ

నాలుగు రకాలు పెట్టి చూశామన్నాను కదా. అన్నింటిలోనూ ఒకే పేజీ పెట్టాం. అనంతపురం నుంచి రాసే ఒకామె ‘చెనిక్కాయలు’ అని పేజీ మొదలుపెట్టింది. కర్నూలు వైపు పిల్లవాడు రాత్రికి రాత్రి దాన్ని ‘బుడ్డలు’ చేసేశాడు. ఆమె పొద్దున్నే లేచి మళ్లీ మార్చింది. ‘వేరుశనగ’ అని పుస్తకం మాట పెడదామని ఒక టీచరు మధ్యలో దూరాడు. మూడు రోజుల్లో తొమ్మిది సవరణలు. చివరికి మూడు పేర్లూ, ఏ పేరు ఏ ఊళ్లో వింటారో పక్కన రాసి, పేజీ నిలబడింది.

నాకైతే ఆ చివరి పేజీ కన్నా ఆ తొమ్మిది సవరణలే విలువైనవి. ఏ ఊరివాళ్లు ఏ మాటకు పట్టుబట్టారో అందులో ఉంది. మా కడపలో ఈ పని కొత్తదేం కాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులను పెట్టి పాఠాలు పోల్చి చూపించేవాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఏ ప్రతిలో ఏముందో గుర్తు లేకుండా పోతే ఆ పోలిక పనే లేదు. ఇప్పుడు ఆయన బంగళా ఉన్నచోట నడుస్తున్న భాషా పరిశోధన కేంద్రానికి ఎప్పుడైనా వెళ్లి చూడండి.

ఇక పరీక్ష. నాలుగు చోట్లా ఆ పేజీని ఎక్స్‌పోర్ట్ చేశాం, అంటే బయటికి ఫైలుగా తీసుకున్నాం.

గూగుల్ డాక్స్‌లో ఎవరేం మార్చారో లోపల చక్కగా కనిపిస్తుంది. డౌన్‌లోడ్ చేస్తే వచ్చేది ఇవాళ్టి రాత మాత్రమే. నోషన్ కూడా రాతను మార్క్‌డౌన్‌గానో, హెచ్‌టీఎంఎల్‌గానో శుభ్రంగా ఇచ్చింది, అది మంచి విషయమే. కానీ తొమ్మిది సవరణలు ఆ ఫైల్లో లేవు. పైగా ఉచిత ప్లాన్‌లో పాత రూపాలు ఏడు రోజుల వరకే చూడగలం. ఎనిమిదో రోజు బుడ్డల పంచాయితీ జరిగిన ఆనవాలే ఉండదు.

మీడియావికీలో ‘ఎగుమతి’ పేజీకి పోయి, పేజీ పేరు ఇచ్చి, పాత కూర్పులన్నీ కావాలని ఎంచుకున్నాం. ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు వచ్చింది. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచాం. పైనుంచి కిందికి తొమ్మిది కూర్పులు, ఒక్కోదానికి తేదీ, గంట నిమిషాలు, రాసినవాళ్ల పేరు, “మా ఊళ్లో ఎవరూ బుడ్డలు అనరు” అని ఆమె రాసిన సవరణ సారాంశం, కింద పూర్తి పాఠం. అన్నీ యూనికోడ్ తెలుగులో, ఏ ప్రోగ్రామూ లేకుండా కంటితో చదవగలిగేలా. మా సీడీ అయ్యవారు కూడా ఆ రోజు పక్కనే ఉన్నారు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని తెర దగ్గరికి వంగి మొదటి కూర్పు మొత్తం చదివారు. “ఇదైతే ఎక్కడికన్నా పోతాది” అన్నారు.

డోకువికీ ఇంకా సులువు. దానికి డేటాబేసే అక్కర్లేదు. ఒక్కో పేజీ ఒక్కో టెక్స్ట్ ఫైలు. పాత కూర్పులు ‘ఆటిక్’ అనే ఫోల్డరులో, అంటే అటక మీద, కుదించిన ఫైళ్లుగా ఉంటాయి. మొత్తం ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే సైటంతా జేబులో ఉన్నట్టే. ఒక చిన్న చిక్కుంది. పేజీ పేరు తెలుగులో పెడితే ఫైలు పేరు శాతం గుర్తులతో, సంకేతాలతో పొడుగ్గా మారిపోతుంది. లోపలి రాతకు ఏమీ కాదు.

కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కడ మెరుగు

ఇప్పటిదాకా చదివి, కంపెనీ సాఫ్ట్‌వేర్ వద్దే వద్దంటున్నానని అనుకోవద్దు. కొన్నిచోట్ల అవి నిజంగా ముందున్నాయి, దాచి లాభం లేదు.

ఇద్దరు ఒకే పేజీని ఒకే సమయంలో రాస్తుంటే గూగుల్ డాక్స్‌లోనూ నోషన్‌లోనూ ఒకరి కర్సరు ఇంకొకరికి కనిపిస్తుంది, ఇబ్బందే ఉండదు. మామూలు మీడియావికీలో రెండోవాళ్లు భద్రపరచబోతే ‘దిద్దుబాటు ఘర్షణ’ అని రావచ్చు, అప్పుడు రెంటినీ చూసి కలపాలి. కొత్తవాళ్లు అక్కడ బెదిరిపోతారు. ఫోన్ యాప్‌లు కంపెనీలవి నున్నగా ఉంటాయి. మీడియావికీలో ఫోన్‌కు అనువైన రూపం విడిగా అమర్చుకోవాలి. మా రైతుల్లో ఎక్కువమంది దగ్గర కంప్యూటర్ లేదు. వాళ్లు వాట్సాప్‌లో మాట చెప్పి పంపిస్తే ఒక అమ్మాయి విని టైపు చేస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఈ పని తప్పేది కాదనిపించింది, అందుకని దీన్ని పెద్ద లెక్కలోకి తీసుకోలేదు.

అన్నిటికన్నా పెద్దది సర్వర్ బాధ్యత. కంపెనీ సైటులో అర్ధరాత్రి ఏదైనా ఆగితే బాగుచేసేది వాళ్లు. సొంతంగా పెట్టుకుంటే మనలో ఎవరో ఒకరు లేవాలి. ఆ ఒక్కరు ఎవరో ముందే తేల్చుకోకుండా సొంత సర్వర్ పెట్టుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. అప్‌డేట్లు చేయని సైటులోకి ఎవరో చొరబడి, మన ఊరి చరిత్ర పేజీల్లో జూదం ప్రకటనలు పెట్టేస్తారు. మీడియావికీకి కొత్త కూర్పు ఆరు నెలలకొకటి వస్తుంది. అంత పరుగు అక్కర్లేదు. దీర్ఘకాల మద్దతున్న కూర్పు ఒకటి రెండేళ్లకోసారి వస్తుంది, దానికి మూడేళ్లు భద్రతా సవరణలు ఇస్తారు. 2024 డిసెంబరులో వచ్చిన 1.43 అలాంటిదే. అది పట్టుకుని ఉంటే చాలు. చిన్న భద్రతా సవరణలు వచ్చినప్పుడు మాత్రం వాయిదా వేయకూడదు.

స్పామ్ ఇంకో తలనొప్పి. ఎవరైనా వచ్చి రాయవచ్చని తలుపులు బార్లా తెరిస్తే వారంలో చెత్తతో నిండుతుంది. మేం పెట్టుకున్న కట్టడి సాదాసీదాది. ఖాతాలు మేమే తెరిచి ఇస్తాం, చదవడం అందరికీ, రాయడం ఖాతా ఉన్నవాళ్లకు. నలభై మందికి ఇది చాలు.

డబ్బు లెక్క

కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చాలావాటికి మనిషికింత అని నెలనెలా కట్టాలి. మనిషికి నెలకు 500 రూపాయలు అనుకోండి. నలభై మందికి 20,000. ఏడాదికి 2,40,000. పెద్ద కంపెనీకి అది చిల్లర. ఊళ్ల చరిత్ర రాసే టీచర్లకు కాదు. ఇంకా చేటు ఏమంటే, మనిషికింత అనగానే ఎవరిని తీసేద్దామా అన్న ఆలోచన మొదలవుతుంది. ఏడాదికి రెండే మాటలు చెప్పే ముసలామెకు ఖాతా ఎందుకని ఎవరో అంటారు. ఆ రెండు మాటలు ఇంకెవరికీ తెలియనివి కావచ్చు. ఓపెన్ సోర్స్‌లో ఖర్చు సర్వర్‌కే. నలభై మంది రాసినా నాలుగు వందల మంది రాసినా మనిషి లెక్క లేదు.

మరి ఓపెన్ సోర్స్‌కు ఖర్చేమీ లేదా? ఉంది. డొమైను, అంటే సైటు చిరునామా పేరుకు ఏడాది రుసుము, సర్వర్ అద్దె, అన్నిటికన్నా ఎక్కువగా దాన్ని చూసుకునేవాళ్ల వేళ. మాలో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరరు వారానికి రెండు గంటలు దీనికే ఇస్తున్నారు. ఆ రెండు గంటలు ఇచ్చే మనిషి మీకు లేకపోతే డబ్బు మిగిలిందని మురిసిపోవద్దు.

తెలుగు మాటల దగ్గర తేడా

ఇక్కడ ఓపెన్ సోర్స్ వైపు నా మొగ్గు పూర్తిగా ఉంది. మీడియావికీ పెట్టి భాష తెలుగు అని ఎంచుకుంటే మీటలు, మెనూలు, హెచ్చరికలు తెలుగులో వచ్చేస్తాయి. ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట తెలుగువాళ్లు ఏళ్లుగా ఒక్కో వాక్యం అనువదించి పెట్టిన ఫలమది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది కాబట్టి, ఈ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఇబ్బందులు చాలావరకు ముందే ఎవరో ఒకరు ఎదుర్కొన్నారు. ఏదైనా మాట కృతకంగా ఉందనిపిస్తే మనమే వెళ్లి మెరుగైన మాట సూచించవచ్చు. కంపెనీ యాప్‌లో తెలుగు మెనూ ఉంటే సంతోషం. లేకపోతే ఉత్తరం రాసి కూర్చోవాలి.

తెలుగు టైపింగ్ పరికరాన్ని ఎక్స్‌టెన్షన్‌గా, అంటే అదనపు భాగంగా కలుపుకోవచ్చు. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే తెలుగు పడుతుంది, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక తెలిసినవాళ్లు దాన్నీ ఎంచుకోవచ్చు. మా గృహిణులిద్దరూ ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నారు. అక్షరాలకు కూడా రామభద్ర, మండలి, గిడుగు లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సు కింద దొరుకుతున్నాయి. సైటులో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వెతుకులాట మాత్రం బలహీనమే, ఒప్పుకోవాలి. మీడియావికీతో వచ్చే మామూలు వెతుకుడుకు తెలుగు విభక్తులు తెలియవు. ‘కడప’ అని వెతికితే ‘కడపలో’, ‘కడపకు’ ఉన్న పేజీలు రాకపోవచ్చు. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే వస్తాయి. దీన్ని మేం వెతుకు పెట్టె కిందే తెలుగులో రాసిపెట్టాం. మెరుగైన వెతుకుడు ఏర్పాటు ఉంది గానీ, దానికి ఇంకో సర్వర్ ప్రోగ్రాము నడపాలి, చిన్న బృందానికి బరువు.

అయితే ఏది తీసుకోవాలి?

ముందు ఒక మాట. అసలు మీకు సొంత సైటు అవసరమా? మీరు రాయబోయేది మీ ఊరి గురించి పుస్తకాల్లో, పత్రికల్లో ఇప్పటికే వచ్చిన సమాచారమైతే తెలుగు వికీపీడియాలోనే రాయండి. మాటలూ అర్థాలూ అయితే విక్షనరీ ఉంది. హక్కులు తీరిపోయిన పాత పుస్తకాలకు వికీసోర్స్ ఉంది. ఫొటోలకు కామన్స్ ఉంది. సర్వర్ ఖర్చు లేదు, కాపలా లేదు, చదివేవాళ్లు ముందే ఉన్నారు. మేం అక్కడ ఎందుకు ఆగలేదంటే, వికీపీడియా సొంత పరిశోధనను ఒప్పుకోదు. ఎక్కడో ప్రచురితమైన నమ్మదగిన ఆధారం ఉండాలి. అవ్వ చెప్పిన ఊరి కథకు, కపిల తోలేటప్పుడు పాడిన పదానికి అలాంటి ఆధారం ఎక్కడ తెస్తాం? అందుకని అవి మా సైటులో, శాసనాల ఫొటోలు కామన్స్‌లో పెడుతున్నాం. మీడియావికీలో ఒక్క అమరిక మారిస్తే కామన్స్ బొమ్మలు నేరుగా మన పేజీల్లో వాడుకోవచ్చు.

సొంత సైటే కావాలంటే, రాసేది ఇద్దరు ముగ్గురు, చదివేది అందరూ అన్నట్టుంటే వర్డ్‌ప్రెస్ తీసుకోండి. వార్తలు, వ్యాసాలు, కాలేజీ పత్రికకు అది సరైనది. పదీ పదిహేను మంది, సాంకేతికం తెలిసినవాళ్లు ఒక్కరు, పేజీలు కొన్ని వందలైతే డోకువికీ. దాన్ని చిన్న షేర్డ్ హోస్టింగులో, అంటే చాలా సైట్లు పంచుకునే అద్దె సర్వర్‌లో కూడా నడపవచ్చు, ఏ పేజీ ఎవరు మార్చవచ్చో లోపలే నిర్ణయించుకోవచ్చు. వేల పేజీలు, ఒకదానికొకటి లంకెలు, ఎవరికి తోచినది వారు కలుపుతూ పోవడం అయితే మీడియావికీకి సాటి లేదు. మేం దాన్నే తీసుకున్నాం.

కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు తీసుకోవచ్చు? పెళ్లి సైటు, రెండు నెలల సభ, ఉత్సవం ఏర్పాట్లు, బృందంలో జరిగే చర్చల నోట్సు లాంటి, పోయినా బాధ లేని పనికి హాయిగా వాడుకోండి. మేమూ సమావేశాల లెక్కలు గూగుల్ షీట్‌లోనే రాస్తాం. కానీ విక్స్ లాంటి సైటు తయారీ సేవల్లో పెద్ద పని మొదలుపెట్టే ముందు వాళ్ల సహాయ పేజీలు చదవండి. అక్కడ కట్టిన సైటును ఇంకో హోస్టింగుకు తీసుకుపోయి నడపలేమని వాళ్లే చెబుతారు.

ప్రభుత్వ కాలేజీలో, పంచాయతీలో పైవాళ్లను ఒప్పించాల్సినవాళ్లకు ఒక సాయం: ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్ వాడకానికి ప్రాధాన్యమిస్తూ కేంద్ర ప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది. ఫైలుకు ఆ ప్రతి జత చేయండి.

ఓపెన్ సోర్స్ అన్న బోర్డు చూసి మాత్రం మోసపోవద్దు. లైసెన్సు పేరు చూడండి. జీపీఎల్, ఏజీపీఎల్, ఎంఐటీ, అపాచీ ఉంటే సరే. ‘సోర్స్ చూడవచ్చు’ అని మాత్రమే ఉంటే అది చాలదు. మధ్యలో లైసెన్సు మార్చే కంపెనీలూ ఉన్నాయి. 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ అలా మార్చింది. అయితే అప్పటికే విడుదలైన అపాచీ లైసెన్సు కూర్పును పట్టుకుని అమెజాన్, ఓపెన్‌సెర్చ్ పేరుతో దాన్ని వేరుగా నడిపించింది. అంతకుముందు 2009లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ కంపెనీ చేతికి పోబోతుంటే, దాన్ని పుట్టించినవాళ్లే మరియాడీబీగా వేరు చేశారు. ఇచ్చిన హక్కు వెనక్కి తీసుకోలేరు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో లేని భరోసా ఇదే.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

వికీట్రావెల్ కథలో రెండూ స్వేచ్ఛగా ఉండాలన్నాను కదా. రెండోది రాతల లైసెన్సు. సాఫ్ట్‌వేర్ ఎంత స్వేచ్ఛగా ఉన్నా, రాసినవాళ్ల హక్కులు ఎవరివి వారి దగ్గరే ఉండిపోతే రేపు సైటును మార్చాలంటే నలభై మంది సంతకాలు కావాలి. అందులో ఇద్దరు గల్ఫ్‌లో ఉంటారు, ఒకరు కాలం చేసి ఉంటారు. మొదటి రోజే, ఖాతా తెరిచేటప్పుడే, నా రాతలు క్రియేటివ్ కామన్స్ ఆపాదన, అదేరకం పంపకం లైసెన్సు కింద ఇస్తున్నానని అందరిచేతా ఒప్పించుకోండి. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చినవాళ్లు కూడా అదే స్వేచ్ఛ ఇవ్వాలి అని దాని అర్థం. పెద్దవాళ్ల దగ్గర విని రాసేటప్పుడు వాళ్లకూ ఇది విడమరిచి చెప్పాలి. మేం తెలుగులో అర పేజీ రాసుకుని చదివి వినిపిస్తాం. ఒక అవ్వ “నా పాట నా పేరుతోనే ఉంటాదా?” అని అడిగింది. ఉంటుందని చెబితేనే పాడింది.

డొమైను సంగతి. ఇక్కడ మేం ఒకసారి దెబ్బతిన్నాం. మా పాత చిన్న సైటు డొమైనును సాయం చేస్తానని వచ్చిన ఒకాయన తన పేరు మీద రిజిస్టరు చేశాడు. ఆయన ఊరు మారాడు, నంబరు మార్చాడు, రుసుము కట్టే తేదీ దాటిపోయింది. ఆ పేరు ఇప్పుడు ఎవరో పరాయివాళ్ల చేతిలో ఉంది. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సే, బ్యాకప్పూ ఉంది, అయినా పేరు పోయింది. ఈసారి బృందాన్ని ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేయించి, డొమైను, సర్వర్ రెండూ సంఘం పేరున, సంఘం ఈమెయిలుతో తీసుకున్నాం. పాస్‌వర్డులు ముగ్గురి దగ్గర ఉంటాయి.

ఇక బ్యాకప్. రాత్రిపూట దానంతటదే డేటాబేసు కాపీ, బొమ్మల ఫోల్డరు కాపీ పోయేలా పెట్టాం. అది జరుగుతోందని నమ్మి ఊరుకోం. మూడు నెలలకోసారి, నెలలో రెండో ఆదివారం, ప్రొద్దుటూరులో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. సైటుతో సంబంధం లేని ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఖాళీ మీడియావికీ ఎక్కించి, ఆ వారం బ్యాకప్‌ను అందులో పోస్తాం. చెనిక్కాయల పేజీ తెరిచి, పైన ‘చరిత్ర’ నొక్కుతాం. తొమ్మిది సవరణలూ లెక్క సరిపోయాయా, “మా ఊళ్లో ఎవరూ బుడ్డలు అనరు” అన్న మాట అక్కడ ఉందా చూసుకుని, నోటుపుస్తకంలో తేదీ వేసి, అప్పుడు భోజనానికి లేస్తాం.